వశం తప్పిన చేయి

ధర్మవరం,
5-1-1959

తమ్ముడు తిమ్మప్పకు అక్క నరసక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి అలా రాయడానికి చేయి రాలేదు. ఆ మాట రాసి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. ఈ ఉత్తరం రాస్తున్నది చేయి గురించే.

మీ బావ కుడిచేయి మగ్గం మీద పనిచేయడం లేదు. దసరా వెళ్ళిన వారం నుంచీ ఇదే తంతు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. అడ్డపోగు నేసే నాడె చేతిలోకి తీసుకుంటాడు. అంతే, వేళ్ళు బిగుసుకుపోతాయి. పోగుల మధ్యకు విసరబోతే ఆ చెయ్యి నాడెను వదలదు. నేను వంటింట్లోంచి పరుగెత్తి ఒక్కొక్క వేలే విప్పాలి. మగ్గం దిగితే మాత్రం ఏ జబ్బూ లేదు. అదే చేత్తో అన్నం కలుపుకుంటాడు, అదే చేత్తో గడ్డం గీసుకుంటాడు. మొన్న పక్కింటి చౌడేశ్వరి బిందె బావిలో పడితే గాలం వేసి తీసిచ్చాడు కూడా. అది చూసి వీధిలో ఏమనుకుంటున్నారో నీకు రాయక్కరలేదు. "దేవప్పకు పని అంటే చేతులు రావులే" అని నా చెవిన పడేటట్టే అంటున్నారు. ముప్పై ఏళ్ళుగా పొద్దు పొడవకముందే మగ్గమెక్కిన మనిషిని పట్టుకుని!

నువ్వుల నూనె మర్దన అయింది, ఇసుక కాపడం అయింది. ఇక్కడి డాక్టరు మూడు సూదులు వేసి, ఎముక బాగుంది, నరం బాగుంది, మనిషి బాగున్నాడు అని చీటీ రాసిచ్చాడు. అంత బాగున్న మనిషికి మూడు సూదులెందుకో నాకు తెలియదు. నెలరోజులుగా ప్రతి శనివారం పాసింజరు ఎక్కి పెనుకొండ దర్గాకు పోయివస్తున్నాడు.

షావుకారు మంచివాడే, కాని ఆయన ఓపికకూ హద్దుంటుంది. గోరంట్ల వాళ్ళ పెళ్ళిచీర సగంలో నిలిచిపోయింది. ఉగాది దాకా చూస్తానన్నాడు. ఆలోగా చీర నేసి దించకపోతే మగ్గం విప్పించి ఇంకొకరింట్లో వేయిస్తాడట. మగ్గం ఆయనదే కదా, కాదనడానికి మాకు నోరు లేదు. మగ్గం పోతే మీ బావకు ఇంకే పనీ రాదు తమ్ముడూ. ఈ వయసులో స్టేషన్లో మూటలు మోయమంటావా?

నాలుగూళ్ళ మనుషులు వచ్చిపోయే మండీలో ఉన్నావు. ఇలాంటి జబ్బు తెలిసిన డాక్టరు ఎవరైనా ఉన్నారేమో విచారించు. విచారించమంటే విచారించమనే. నీకు తొందర ఎక్కువ.

మరదలు బుజ్జమ్మను అడిగానని చెప్పు.

నీ అక్క,
నరసక్క

•

హిందూపురం, బెల్లం మండీ,
11-1-1959

అక్కకు తిమ్మప్ప నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి బుజ్జమ్మ ఏడ్చింది. నేను చొక్కా తొడుక్కుని బయలుదేరాను. మన అదృష్టం ఎలా ఉందో చూడు, మనం వెతికే మనిషి నా మండీకి నాలుగు వీధుల అవతలే దొరికాడు.

ఆయన పేరు ప్రొఫెసర్ సమ్మోహన్. సత్రంలో దిగాడు. మొన్న ఆదివారం ఆయన ప్రదర్శన చూశాను. మా మండీకి వచ్చే లావుపాటి బెల్లం వ్యాపారిని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళలోకి చూసి నిద్రపుచ్చి, పచ్చి ఉల్లిపాయ, మన ఎర్రగడ్డ, చేతిలో పెట్టి సపోటా పండు తినమన్నాడు. కళ్ళలో నీళ్ళు ధారగా కారుతుంటే ఆ పెద్దమనిషి "బలే తీపిగా ఉండాదప్పా" అంటూ మొత్తం తినేశాడు! ఊరంతా చప్పట్లు.

దీన్ని హిప్నాటిజం అంటారు. ఆయన పంచిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "హిప్నాటిజం అనగా వశీకరణ విద్య. నత్తి, భయము, చేతులు కాళ్ళు పడిపోవుట, బీడీ అలవాటు, దాంపత్య కలహము, కోర్టు వ్యవహారము. నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ." బావ సంగతి చెప్పాను. పూర్తిగా వినకుండానే అర్థమైపోయింది ఆయనకు. అంత తెలివి. లోపల ఏదో రహస్యం ఉంటుందట. మనిషిని నిద్రపుచ్చి ఆ రహస్యాన్ని నోటి వెంట బయటికి లాగేస్తే చేయి అదే వదులుతుందట.

ఫీజు నూటపదహారు రూపాయలు. పాతిక ముందు కట్టాలి. ఎక్కువే, నాకూ తెలుసు. కాని గ్యారంటీ అన్నాడు కదా. గ్యారంటీ ఇచ్చే డాక్టరును నువ్వెక్కడైనా చూశావా? అందుకే పాతిక కట్టేశాను. గోడకు బంగారు ముద్ర వేసిన ఇంగ్లీషు సర్టిఫికెట్టు అద్దం కట్టించి పెట్టుకున్నాడు. ఇంకేం కావాలి?

వచ్చే సోమవారం బావను రైలెక్కించు. స్టేషనుకు నేనే వస్తాను.

నీ తమ్ముడు,
తిమ్మప్ప

•

ధర్మవరం,
16-1-1959

తమ్ముడూ,

దీవెనలు తరువాత. ముందు తిట్లు.

విచారించమంటే పాతిక రూపాయలు కట్టివస్తావా? ఆ మాట పక్కన పెట్టు. వశీకరణమా? నా మొగుడికి వశీకరణం చేయిస్తావా నువ్వు? గోరంట్లలో మా చిన్నత్త కూతురి మొగుడికి ఎవతో వశీకరణం మందు పెడితే మనిషి ఇల్లు మరిచి దాని వాకిట్లో పడి ఉన్నాడు. తాయెత్తు కట్టి తీసుకురావడానికి ఆరునెలలు పట్టింది. అలాంటిది నీ ప్రొఫెసరు మందు కూడా లేకుండా కళ్ళతోనే చేస్తాడంటావు. ఎర్రగడ్డను సపోటా అని తినిపించినవాడు రేపు మీ బావ చేత ఏది ఏమని చేయిస్తాడో! వాడి వశం అయిపోయి వాడి సత్రంలో చాకిరీ చేస్తూ ఉండిపోతే నేను ఎవరితో చెప్పుకోవాలి?

ఇంకొక మాట. రహస్యాలు లాగుతాడని రాశావే, అది ఏమిటి? మా ఇంట్లో రహస్యాలు లేవు. ఎవరి నోట్లోంచీ ఏదీ లాగనక్కరలేదు. జబ్బు చేతికి వస్తే చేతిని చూడాలి గాని నోటితో పనేమిటి? రహస్యం ఉందని వాడికెవరు చెప్పారు? నువ్వు ఏమైనా చెప్పావా? ఆ మాట ఇంకొకసారి నీ ఉత్తరంలో రాయొద్దు. ఉత్తరాలు మీ బావ కూడా చదువుతాడు.

ఆయన్ను పంపను. నా చెయ్యి పట్టుకున్న చెయ్యి అది. పడిపోతే పడిపోనీ, ఇంకొకడి వశం కావడానికి ఒప్పుకోను.

నరసక్క

•

హిందూపురం,
26-1-1959

అక్కకు నమస్కారం.

నీ కోపం న్యాయమైనదే. కాని ఈ ఉత్తరం చివరిదాకా చదివాకే చింపు.

నీ ఉత్తరం అందిన రోజే పెనుకొండ ఆసుపత్రి డాక్టరు నూరుల్లా గారు మా మండీకి బెల్లానికి వచ్చారు. చదువు మద్రాసులో. తరువాత బెంగుళూరులో మనసు జబ్బుల ఆసుపత్రిలో రెండేళ్ళు పనిచేశారట. ఆయనకు ఈ హిప్నాటిజం కూడా తెలుసని మా యజమాని అంటే, ధైర్యం చేసి అడిగాను. "పేరు చెప్పొద్దప్పా, జబ్బు మాత్రం చెప్పు" అన్నారు. మగ్గం సంగతీ వేళ్ళ సంగతీ చెప్పాను. ఎందుకో నా మొహం వంక కాసేపు చూసి, చిన్నగా నవ్వుకుని, ఇంకో రెండు అచ్చులు బెల్లం తూయమన్నారు. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు.

ప్రొఫెసరు కాగితం చూపించాను. ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. "ఈ పేరు పెట్టినోన్ని తన్నల్ల. వశీకరణమేందప్పా? చెయ్యి ఆ మనిషి వశం తప్పిండాది. దాన్ని మల్ల ఆయప్ప వశంలోకే తెచ్చేది ఈ పని. డాక్టరు వశంలోకి కాదు. నిద్ర గూడా కాదు, అన్నీ ఇనపడతాంటాయి, ఇష్టం లేకుంటే లేసి పోవచ్చు."

"మరి మంచోన్ని యెట్ల కనుక్కునేది సార్?" అన్నాను. "యాడ వైద్యం చదివినావని అడుగు. ముందు చేతిని చూస్తాడా, నేరుగా నిద్రకు పోతాడా చూడు. నయం గాకుంటే యేం చేస్తావని అడుగు. నాచేత గాకుంటే పైకి పంపిస్తా అన్నోడు డాక్టరు. గ్యారంటీ అన్నోడి దగ్గర కూసోవద్దు, దుడ్లు తిరిగి జోబీలో పెట్టుకోని లేసిరా" అన్నారు.

నా జేబులో ఆ డబ్బులు ఎక్కడున్నాయి! నేరుగా సత్రానికి పోయి ఎక్కడ చదివావని అడిగాను. ప్రొఫెసరు చేయెత్తి గోడమీది సర్టిఫికెట్టు చూపించాడు. ఇంతకుముందు దూరం నుంచి నమస్కారం పెట్టినవాణ్ణి, ఈసారి దగ్గరికి పోయి చదివాను. అక్కా, అది 1946లో టైపురైటింగు లోయరు పరీక్ష సెకండు క్లాసులో ప్యాసైన సర్టిఫికెట్టు. పాతిక తిరిగిమ్మన్నాను. నా కళ్ళలోకి చూసి "నీకు కోపం రాలేదు, నీకు కోపం రాలేదు" అన్నాడు. వచ్చింది అని చెప్పాను. అయినా ఇవ్వలేదు.

ఇప్పుడొక కష్టమైన మాట. మా మండీలో తూకం వేసే కొండప్పది పెనుకొండే. నా పెళ్ళిలో చూశాడు కాబట్టి బావను గుర్తుపడతాడు. రెండు శనివారాలు బావ పెనుకొండలో ఒక ఇంట్లోంచి బయటికి రావడం చూశాడట. బావ బయటికి రాగానే ఎవరో ఆడమనిషి తలుపు వేసుకుందట. దర్గా ఆ దిక్కే కాదంటాడు. రహస్యాల మాట ఎత్తగానే నువ్వు అంత గట్టిగా రాయడం చూసి నాకు అనుమానం వచ్చింది. నీకు తెలిసీ లోపల కుములుతున్నావా అక్కా? పెనుకొండలో బావకు ఎవరైనా ఉన్నారా? ఉంటే తమ్ముడినైన నాకు చెప్పకపోతే ఎవరికి చెబుతావు?

తిమ్మప్ప

•

ధర్మవరం,
31-1-1959

తమ్ముడూ,

ఈ ఉత్తరం నేనే తీసుకుపోయి డబ్బాలో వేస్తున్నాను. నువ్వు చదివి దాచు, మీ బావ కంట పడనివ్వకు.

నీ ఉత్తరం మీ బావ కంట పడకముందే నా చేతికొచ్చింది. చదివి మొదట నవ్వాను. మీ బావకు ఆడమనిషా? నాతో మాట్లాడడానికే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు. తరువాత భయం పట్టుకుంది. దర్గా అని చెప్పి వేరేచోటికి పోవడమెందుకు? శనివారం వస్తుంటే చొక్కా ఉతికి వేసుకుంటాడు. పెనుకొండ పోవడం మొదలైనప్పటి నుంచీ బీడీలు కూడా మానేశాడు. నా కోసం ముప్పై ఏళ్ళలో మానలేదు, ఎవరి కోసం మానాడు? రెండు రోజులు అన్నం పెడుతూ ఆయన మొహమే చూశాను. ఏమీ కనబడలేదు.

కాని నువ్వు అనుకున్న రహస్యం అది కాదు. మా ఇంట్లో ఉన్నది వేరే, అది నాది. ఇంక మోయలేను, చెప్పేస్తున్నాను.

దసరాకు ముందు షావుకారు జరీ తూకం వేస్తే జరీ చుట్టిన కండె ఒకటి తక్కువ వచ్చింది. మీ బావ తీశాడని ఎవరూ అనలేదు. తీయలేదనీ ఎవరూ అనలేదు. ఆయనకు రోషం ఎక్కువ కదా! చౌడేశ్వరమ్మ గుడిలో అందరి ముందరా కర్పూరం వెలిగించి, కుడి అరచేత్తో ఆర్పి, "నేను తీసిండ్లేదు" అని ప్రమాణం చేశాడు. దానితో మాట అయిపోయింది. షావుకారే ఆయన భుజం తట్టి పంపాడు.

మూడో రోజు నేను మగ్గం గుంత ఊడుస్తుంటే అడుగున బండల సందులో ఆ కండె కనబడింది. ఎప్పుడో జారి పడినట్టుంది. తీసుకుపోయి ఇస్తే లోకం ఏమంటుంది? దొంగతనం చేసి, ప్రమాణం చేసి, అమ్మవారికి భయపడి తిరిగిచ్చాడు అంటుంది. ఇవ్వకపోతే అబద్ధం ప్రమాణం అవుతుందేమో. ఏం చేయాలో తెలియక నా పెట్టెలో పెళ్ళిచీర కింద దాచాను. ఆయనకు చెప్పలేదు. చెబితే అదే నిమిషాన గుడికి పరుగెత్తే మనిషి.

ఆ వారంలోనే ఆయన చేయి బిగుసుకుంది. అమ్మవారికి కోపం నా మీద, పట్టుకున్నది మాత్రం ఆయన చేతిని, ఆ కర్పూరం ఆర్పిన చేతినే. ఒక్కొక్క వేలు విప్పుతున్నప్పుడల్లా నాకు ఎలా ఉంటుందో ఎవరికి చెప్పను? అందుకే రహస్యం అనే మాటకు నీమీద అంత ఎగిరాను. ఆయనకు తెలియని సంగతి ఆయన నోట ఎలా వస్తుందని నువ్వు అడగవచ్చు. వశీకరణం కదా, నాకేం తెలుసు!

పెనుకొండకు నువ్వు ఒకసారి పోయిరా. ఆ ఇల్లు ఎవరిదో చూసి రాయి. ఏదైనా సరే ఉన్నది ఉన్నట్టు రాయి.

నరసక్క

•

హిందూపురం,
9-2-1959

అక్కకు తిమ్మప్ప నమస్కారాలు.

ముందు నీ మనసు నెమ్మది చేసుకో. ఆ ఇల్లు డాక్టరు నూరుల్లా గారిది. తలుపు వేసుకున్న ఆడమనిషి ఆయన భార్య రోషన్‌బీ గారు. వీధిలో మేకలు ఎక్కువ, తలుపు తీసి ఉంటే లోపలికి వచ్చేస్తాయట.

కొండప్ప చెప్పిన గుర్తులు పట్టుకుని శనివారం పోయాను. వాకిట్లో బావ చెప్పులు. నేను వీరావేశంతో లోపలికి అడుగు పెడితే ఆమె నోటిమీద వేలు పెట్టి చాప చూపించి కూర్చోమంది. కిటికీలోంచి కనబడింది. బావ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు, కళ్ళు మూసుకుని. డాక్టరు గారు పక్కన కూర్చుని, పసిపిల్లను జోకొడుతున్నంత నెమ్మదిగా మాట్లాడుతున్నారు. "చెయ్యి బరువు తగ్గుతాండాది. వేలు ఒగటొగటే వదులైతాండాది. నాడె నీది, చెయ్యి నీది." బావ చేతిలో నిజంగానే ఒక నాడె ఉంది. చూస్తుండగా వేళ్ళు విచ్చుకుని అది ఒళ్ళో జారిపడింది. నాకు ఏడుపొచ్చేసింది అక్కా.

మీ ఊరి డాక్టరే ఆ చీటీతో బావను ఈయన దగ్గరికి పంపాడట. మనసు జబ్బుల డాక్టరు ఎందుకని నువ్వు అడుగుతావని నీకు దర్గా అని చెప్పాడు. పన్నెండుసార్లు చాలు, కాకపోతే బెంగుళూరుకు తానే రాసి పంపుతానన్నారట ఈయన. వచ్చినప్పుడల్లా మూడు రూపాయలు. అది బీడీలు మాని కూడబెట్టాడు. మండీలో డాక్టరు గారు నవ్వుకున్నది ఎందుకో ఇప్పుడర్థమైంది. తన రోగి గురించి నేను తనకే చెబుతుంటే కూడా ఆయన నోరు విప్పలేదు.

ఆ చెయ్యి అక్కడ వదులైనా ధర్మవరం పోగానే మళ్ళీ బిగుస్తోంది. ఎందుకని డాక్టరు గారిని అడిగితే, "మనసులో ఏదో పట్టుకోనుండాడు. అది ఇడిస్తే చెయ్యీ ఇడుస్తాది. అదేందో నాకు చెప్పినాడు, నీకు చెప్పను. అది ఆయప్పది" అన్నారు.

స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు బావే చెప్పాడు. చెప్పి, నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నువ్వేమో నీ మాట ఆయనకు చెప్పొద్దన్నావు. రెండు మాటలూ తెలిసినవాడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. ఇంకాసేపుంటే నా నోరు కూడా బిగుసుకుపోతుందేమోనని భయం వేసి, రైలు వచ్చేలోగా డాక్టరు గారి దగ్గరికి మళ్ళీ పరుగెత్తాను. నేను చెప్పొచ్చునా అని అడిగాను. ఆయన నవ్వి, "నేను చెప్పగూడదు, వైద్యున్ని. నువ్వు వైద్యునివా? బామ్మర్దివి గదా" అన్నారు.

కాబట్టి బామ్మర్దిగా చెబుతున్నాను.

ప్రమాణం చేసిన వారానికి బావ కళ్ళజోడు వెతుకుతూ నీ పెట్టె తెరిచాడు. పెళ్ళిచీర కింద జరీ కండె కనబడింది. నువ్వే తీశావనుకున్నాడు. నాతో ఏమన్నాడో అలాగే రాస్తున్నాను. "ముప్పై ఏండ్లు ఊరందరికీ పట్టుచీరలు నేసినా తిమ్మప్పా. దానికి పెండ్లిచీర తప్ప ఇంగొగటి నేసియ్యలేకపోతి. ఆశపడి తీసుకున్నిండాది. అడిగితే సిగ్గుపడి సస్తాది. తీసిండ్లేదని నేను అమ్మవారి ముందర కర్పూరం ఆర్పినా. ఇంట్లోనే ఉండాదని తెలిసినాక నాడె పట్టుకుంటే చెయ్యి పెగల్లేదు."

అక్కా, నువ్వు ఆయనను దాచావు, ఆయన నిన్ను దాచాడు. నీ జనవరి 31 నాటి ఉత్తరం ఇందులోనే పెట్టి పంపుతున్నాను. ఇది నీకు అందగానే బావను పిలిచి రెండూ ఆయన చేతికివ్వు. ఒట్టు తప్పిన పాపం నేను చూసుకుంటాను.

తిమ్మప్ప

•

ధర్మవరం,
18-2-1959

నా తమ్ముడు తిమ్మప్పకు,

నువ్వు చల్లగా ఉండాలి. నీకు తొందర ఎక్కువ అని ఇంకెప్పుడూ అనను. ఒక ఏడాది దాకా అనను.

ఇన్నాళ్ళూ నేను దొంగనని అనుకున్నాడు చూడు ఆ మనిషి! దొంగ చేతి అన్నం మూడుపూటలా తిన్నాడు. ఒక్కరోజు కూర బాగాలేదని కూడా అనలేదు. వేళ్ళు విప్పుతుంటే నా మొహంలోకి చూసేవాడు కాదు, నొప్పి అనుకునేదాన్ని. ఉత్తరాలు చేతికిచ్చి వాకిట్లోకి పోయి నిలుచున్నాను. ఎంతసేపటికీ పిలుపు లేదు. వెళ్ళి చూస్తే గుంత పక్కన కూర్చుని రెండు ఉత్తరాలూ ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "నాకు జరీ మీద ఆశ అని యెట్లనుకున్నావు? నీ చెయ్యి తప్ప నేనేం అడిగినా నిన్ను?" అని గట్టిగా అరిచాను. పక్కింటి చౌడేశ్వరి గోడ మీదుగా తొంగిచూసింది. చూడనీ అనుకున్నాను.

మరునాడు ఇద్దరం షావుకారింటికి పోయి కండె ఆయన ముందర పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాం. షావుకారు కండెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "దేవప్పా, నువ్వు ప్రమాణం చేసింది యేమని? తీసిండ్లేదని గదా. తీసిండ్లేదు గదా. ఇంగేమబ్బా?" అన్నాడు.

అంతే తమ్ముడూ! ఆయన తీయలేదు. నేనూ తీయలేదు. ఆ ప్రమాణం నిజమే. మొదటి రోజు నుంచీ నిజమే. అబద్ధం చేశామని ఇద్దరం చెరోవైపు కూర్చుని కుళ్ళిపోయాం. గుడికి పోయి కొబ్బరికాయ కొట్టివచ్చాం. తప్పు కట్టుకోవడానికి కాదు, ఊరికే.

చేయి ఇంకా పూర్తిగా రాలేదు. ఇంటికి రాగానే మగ్గమెక్కాడు, రెండుసార్లు నాడె పోయింది, మూడోసారి పట్టేసింది. నేను మళ్ళీ పరుగెత్తబోయాను. కాని ఈసారి వేళ్ళు ఆయనే విప్పుకున్నాడు.

శనివారం నేను కూడా పెనుకొండ పోయాను. నువ్వు రాసిన ప్రశ్నలన్నీ డాక్టరు సాయిబును అడిగాను. ఎక్కడ చదివావు నాయనా అన్నాను. గోడమీది కాగితం చూపించలేదు, కూర్చోబెట్టి చెప్పాడు. ఉగాదికి నయమవుతుందని గ్యారంటీ ఇస్తావా అన్నాను. "ఇయ్యలేనమ్మా. బిగుసుకునేది ఆ చెయ్యి నేర్చుకున్న పని. అలవాటు తప్పించాలంటే దినాలు పడతాది" అన్నాడు. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది. లోపల ఆయన మాట్లాడుతుంటే వసారాలో చాప మీద నాకే కునుకు పట్టేసింది. రోషన్‌బీ లేపి టీ ఇచ్చింది. నన్నూ వశం చేసుకున్నారనుకో!

పోయిన పాతిక గురించి బాధపడకు.

నీ అక్క,
నరసక్క

•

హిందూపురం,
2-3-1959

అక్కకు, బావకు నమస్కారాలు.

మీ ఉత్తరం మండీలో అందరి ముందరా చదవబోయి, మధ్యలో ఆపి, పక్కకు పోయి చదువుకున్నాను. బుజ్జమ్మ మాత్రం నా పెట్టె కూడా ఒకసారి వెతుకుతానంటోంది.

ప్రొఫెసరు ఊరు విడిచిపోయాడు. బెల్లం వ్యాపారి తనకు తెలియకుండా ఎర్రగడ్డ తినిపించాడని గొడవకు పోతాడనుకున్నాం. తీరా చూస్తే ఆయన ప్రొఫెసరుతో ముందే డబ్బు మాట్లాడుకుని తిన్నాడట. ఆ నీళ్ళు కారిన కళ్ళే నిజం, మిగతాదంతా నటన. పాతిక పోయింది. మండీలో ఇప్పుడు ఎవరికి ఏ జబ్బు వచ్చినా నా దగ్గరికి వస్తున్నారు. ఎక్కడ చదివాడో అడగండి, గ్యారంటీ అంటే లేచిరండి అని ఉచితంగా చెబుతున్నాను. నన్ను డాక్టరు తిమ్మప్ప అంటున్నారు.

ఉగాది ఇంకా నెలకు పైనే ఉంది. చీర ఎంతవరకు వచ్చింది? రోజూ టపా చూస్తున్నాను. మంచైనా చెడైనా ఒక కార్డు ముక్క రాయండి.

తిమ్మప్ప

•

ధర్మవరం,
29-3-1959

తమ్ముడు తిమ్మప్పకు అక్క దీవెనలు.

ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం కోపం కాదు, భయం. బాగుంది అని రాసిన మరునాడే చేయి మళ్ళీ పట్టేస్తుందేమోనని రాయలేదు. పన్నెండుసార్లు అన్నది పద్నాలుగుసార్లయింది. చివరి రెండుసార్లకు డాక్టరు సాయిబు దుడ్లు తీసుకోలేదు. ఇంక రావొద్దు, మగ్గం దగ్గరికే పో అన్నాడు.

మొదట రోజుకు జానెడు నేసేవాడు. మధ్యలో వేళ్ళు బిగిస్తే నాడె ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని, డాక్టరు నేర్పినట్టు ఊపిరి తీసుకుంటూ కూర్చునేవాడు. నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడేదాన్ని. పోకూడదు, విప్పకూడదు అని డాక్టరు నాకూ చెప్పి పంపాడు కదా. పొయ్యిమీద ఎన్నిసార్లు అన్నం మాడిందో లెక్కలేదు. మీ బావ ఆ మాడునే గీక్కుని తిన్నాడు. తరువాత తరువాత అలా ఆగిపోవడం తగ్గింది. పోయిన వారం నుంచీ ఒక్కసారి కూడా ఆగలేదు.

పెళ్ళిచీర నిన్న దిగింది. షావుకారు కొంగు పరిచి చూసి, ఇంకో చీరకు పట్టూ జరీ తూకం వేసి ఇచ్చాడు. ఆయన పొగిడినా నేను అంత సంతోషపడేదాన్ని కాను. మగ్గం మా ఇంట్లోనే ఉంటుంది.

మొన్న చౌడేశ్వరి వచ్చి, "యేమక్కా, పొద్దన్నుంచీ మీ మగ్గం చెవులు పోగొడతాండాది" అంది. ఆ మాట విని ఆమెకు ఇంత బెల్లం పెట్టి పంపాను.

మీ బావ నీకు చెప్పమన్న మాట: ఒట్టు తప్పినందుకు నీమీద కోపం లేదట, ఇంకెప్పుడూ నిన్ను నమ్మి ఏదీ చెప్పడట. ఉగాదికి మీరిద్దరూ రండి.

మధ్యాహ్నం భోజనం చేసి ఆయన మగ్గమెక్కాడు, నేను ఈ ఉత్తరం పట్టుకుని కూర్చున్నాను. రాస్తున్నంతసేపూ పక్కగదిలో ఆ చప్పుడే. ఇప్పుడే కలం ఆపి, ఆగుతుందేమోనని చాలాసేపు విన్నాను. ఆగలేదు తమ్ముడూ.

నీ అక్క,
నరసక్క